మూత తీసి ఆగిన పదకొండు నిమిషాలు

1955 మే 2, సోమవారం. నంద్యాల. ఉదయం 9:20.

హాజరు: కెప్టెన్ సాబ్, క్లర్కు, నర్సింగ్ సిపాయి, డ్రైవరు, నేను. జీపు ఒకటి, దానికి వెనక తగిలించిన ట్రైలరు ఒకటి.

నా డైరీలో ఆ పేజీ ఇలాగే మొదలవుతుంది. హోదాలో నేను అప్పుడు నాయక్‌ని, వాహనాల మెకానిక్‌ని. పద్నాలుగేళ్ల సర్వీసు. మాది గోస్పాడు పక్క పల్లె కాబట్టి, సైన్యంలో చేరేవాళ్లను ఎంచడానికి నంద్యాల వైపు వెళ్లే దళంలో నన్నూ వేశారు. మెకానిక్కూ నేనే, దుబాసీ నేనే. పని నెల రోజులు.

నేను సైన్యంలో పనిచేశానని తెలిస్తే జనం యుద్ధం గురించి అడుగుతారు. యుద్ధం గురించి చెప్పడానికి చాలామంది ఉన్నారు. నేను పెట్రోలు ట్యాంకు మూత గురించి చెబుతానంటే ఎవరికీ వినే ఓపిక ఉండదు. ఓపిక లేకపోవడం గురించే నేను చెప్పేది. కాబట్టి ఈసారి రాసి పెడుతున్నాను.

మాకు ఇచ్చిన బస మూతపడిన పత్తి మిల్లు గోదాము. రేకుల కప్పు. కిటికీలు రెండు, రెండూ పడమటికి. మూలల్లో పాత దూది పీచు, ఎలుకలు. నర్సింగ్ సిపాయి తన పెట్టెలోంచి థర్మామీటరు తీసి గోడకు తగిలించాడు. మధ్యాహ్నం రెండింటికి నూట తొమ్మిది డిగ్రీలు. మర్నాటి నుంచి దాన్ని చూడవద్దని కెప్టెన్ సాబ్ ఆజ్ఞాపించారు. ఆయనది పంజాబు. వేడి ఆయనకు కొత్త కాదు గాని, అంకెలు చూస్తే చిరాకు.

కార్యక్రమం ఇదీ. మంగళ, గురు, శనివారాలు ఆళ్లగడ్డ వైపు. మిగతా రోజులు నంద్యాల, గోస్పాడు. ఉదయం 5:30కి జీపు తనిఖీ, 6:00కి బయలుదేరడం. ఆళ్లగడ్డకు ఇరవై అయిదు మైళ్లు. కంకర రోడ్డు, దాని మీద వేలెడు మందాన నల్లరేగడి దుమ్ము. తూర్పున ఎంత దూరం పోయినా కదలకుండా నల్లమల కొండలు.

ఇక నా పద్ధతి. ఇంజను మీద చెయ్యి వేసే ముందు, ముఖ్యంగా పెట్రోలు గొట్టాన్ని విప్పే ముందు, నేను చేసే పని ఒకటుంది. చుట్టుపక్కల నిప్పు లేకుండా చూస్తాను. బ్యాటరీ తీగ విప్పుతాను. ట్యాంకు మూతను కొంచెం తిప్పి ఆగుతాను. ఎండకు ట్యాంకులోని పెట్రోలు ఆవిరవుతుంది, ఆ ఆవిరి బయటికి రావాలని తన్నుతూ ఉంటుంది. బుస్సుమని శబ్దం వస్తుంది. ఆ శబ్దం నిలిచేదాకా మళ్లీ తిప్పను. తర్వాత ఇంజను చల్లారనిస్తాను. అప్పుడు గొట్టం నట్టు చుట్టూ గుడ్డ చుట్టి, కింద పాలడబ్బా పెట్టి, అర చుట్టు మాత్రం వదులు చేస్తాను. మిగిలిన పెట్రోలు డబ్బాలోకి కారిపోతుంది. అంతా కలిపి పదకొండు నుంచి పన్నెండు నిమిషాలు.

ఎందుకంటారా? పంపుకూ కార్బురేటరుకూ మధ్య గొట్టంలో పెట్రోలు ఒత్తిడితో బిగుసుకొని ఉంటుంది. ఆ పక్కనే, జానెడు దూరంలో, పొయ్యిలా కాలే సైలెన్సరు గొట్టం. ఒత్తిడి తీయకుండా నట్టు విప్పితే పెట్రోలు పిచికారీలా ఎగిరి దాని మీదే పడుతుంది. 1946లో మా వర్క్‌షాపులో ఒకడికి అలా పడింది. అతని కనుబొమలు మళ్లీ మొలవలేదు. మిగతాది రాయను.

మా డ్రైవరు అనంతపురం వైపు మనిషి. బండి బాగా నడుపుతాడు, నోరు అంతకంటే బాగా నడుపుతాడు. నా పద్ధతికి మొదటి రోజే పేరు పెట్టాడు.

"సాబ్, నాయకన్న పూజ మొదలుపెట్టినాడు. మనం స్నానాలు చేసి రావచ్చు."

"టెంకాయ తెచ్చినావారా?" అన్నాను.

"మూతకు బొట్టు పెట్టేది మర్చిపోతివన్నా."

క్లర్కు నవ్వాడు. కెప్టెన్ సాబ్‌కు తెలుగు రాదు గనుక నవ్వలేదు.

మే 3, మంగళవారం ఆళ్లగడ్డ వెళ్లి వచ్చాం. జీపు ఎక్కడా ఆగలేదు. 5, గురువారం వెళ్లి వచ్చాం. ఆగలేదు. ఆ గురువారమే పెద్ద రెడ్డి పరిచయమయ్యాడు. ఆళ్లగడ్డకు రెండు మైళ్లు ఇవతల పల్లె ఆయనది. యాభై దాటిన మనిషి, తెల్ల తలపాగా, చేతిలో ఎప్పుడూ ఆరిపోయిన బీడీ. మేం కుర్రవాళ్ల ఛాతీలు కొలుస్తుంటే ఆయన జీపును కొలుస్తూ తిరిగాడు. డ్రైవరుతో చాలాసేపు మాట్లాడాడు. ఏం మాట్లాడాడో నేను వినలేదు. వినాల్సింది.

7, శనివారం. తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నం 1:50కి జీపు ఆగిపోయింది. నల్లటి పొగ, ముక్కు బద్దలయ్యే పెట్రోలు వాసన. కార్బురేటరు నిండి పొర్లుతోంది. నేను నా పద్ధతి ప్రకారం బ్యాటరీ, మూత, నిరీక్షణ, గుడ్డ, డబ్బా, అన్నీ చేసి విప్పి చూశాను. తప్పేమీ కనబడలేదు. బిగించాను. జీపు వెంటనే కదిలింది.

10, మంగళవారం. మళ్లీ అదే. విప్పాను, తప్పు లేదు, బిగించాను, కదిలింది.

12, గురువారం. అదే. కార్బురేటరులో పెట్రోలును అడ్డుకునే సూదిని మార్చాను.

14, శనివారం. అదే. కొత్త సూదిని తీసి ఇంకో కొత్త సూది వేశాను.

మధ్య రోజుల్లో, అంటే నంద్యాలలో గాని గోస్పాడులో గాని తిరిగినప్పుడు, ఆ జీపంత మంచి జీపు ఇంకోటి లేదు. ఆళ్లగడ్డకు పోయేటప్పుడూ మంచిదే. వచ్చేటప్పుడే దానికి రోగం. నేను ఇరవై మూడు రకాల వాహనాలు విప్పి బిగించినవాణ్ణి. ఒక జీపు నాతో వారానికి మూడుసార్లు ఇలా పరాచికాలాడటం నాకు నచ్చలేదు. అన్నం సహించలేదు. డైరీలో 14వ తేదీ కింద ఒకే వాక్యం ఉంది: "దీని బుద్ధి నాకు అర్థం కావడం లేదు."

ఆగిన ప్రతిచోటా జనం పోగయ్యేవారు. పోగైన ప్రతివాడి నోట్లో బీడీ. వెనక్కి జరగమంటే ఒక అడుగు వెనక్కి, రెండడుగులు ముందుకు. ఒకాయన కార్బురేటరు లోపలికి తొంగిచూడటానికి అగ్గిపుల్ల గీశాడు. నేను ఆయన చేతిని ఎంత గట్టిగా కొట్టానంటే ఆ అగ్గిపెట్టె పొలంలో పడింది.

"ఏందప్పా, ఎలుతురు చూపిస్తాంటే కొడ్తావ్?" అని ఆయన నా మీదే అలిగాడు.

సగం మందికి నా పదకొండు నిమిషాలు ఎగతాళి. మిగతా సగానికి వినోదం. డ్రైవరుకు మాత్రం నిజమైన విసుగు. "నట్టు ఇప్పి, నోటితో ఒక ఊదు ఊది బిగిస్తే అయిపోయే దానికి ఇంత తతంగమా నాయకన్నా?" అనేవాడు. మా ఊళ్లలో లారీ డ్రైవర్లంతా చేసేది అదే. నోటితో గొట్టం ఊదడం, నోటినిండా పెట్రోలు ఉమ్మడం, ఆ నోటితోనే బీడీ అంటించడం. వాళ్లు బతికున్నారంటే అది వాళ్ల తెలివి కాదు.

21, శనివారం పెద్ద రెడ్డి కెప్టెన్ సాబ్ దగ్గరికొచ్చాడు. వచ్చే మంగళవారం మీ పని మా ఊరి కళ్లంలో పెట్టుకోండి, మధ్యాహ్నం మా ఇంట్లో భోంచేయండి అన్నాడు. నేను హిందీలోకి మార్చి చెప్పాను. కెప్టెన్ సాబ్ సంతోషించి, తనకు అన్నం వద్దని, ఇక్కడి జొన్నరొట్టె తినాలని ఉందని అన్నారు. మర్యాదకు అన్న మాట. నేను దాన్ని తెలుగులోకి మార్చాను.

పెద్ద రెడ్డి ముఖం వెలిగింది. "జొన్నరొట్టెలే గదా? అంగడి జొన్నలు గాదప్పా, పాతర ఇప్పిస్తా. మూడేండ్ల జొన్నలు. ఆ రొట్టె తిన్నోడు మళ్లా గోధుమ ముట్టడని చెప్పు మీ సాబ్బుకు."

పాతర అంటే ఈ తరంలో కొందరికి తెలియదు. నేలలో రెండు నిలువుల లోతు గొయ్యి. మెడ ఇరుకు, కడుపు వెడల్పు. లోపల చొప్ప పరిచి జొన్నలు పోసి, పైన బండ మూసి, గాలి చొరకుండా మన్ను మెత్తుతారు. గింజ ఏళ్ల తరబడి చెడదు. కాని లోపలి గాలి చెడిపోతుంది. ఆ గాలి పీల్చినవాడు అరవడానికి కూడా ఊపిరి లేకుండా కూలిపోతాడు. అందుకే బండ తీసిన పూట ఎవరూ దిగరు. మర్నాడు లాంతరు దించుతారు. అది ఆరకుండా వెలిగితేనే మనిషిని దించుతారు. రేగడి నేల మీద పుట్టిన ప్రతివాడికీ తెలిసిన విషయం ఇది.

మే 24, మంగళవారం. ఉదయం 7:10కి పెద్ద రెడ్డి కళ్లం చేరాం. నీడ ఉన్న ఒక్క పందిరి కింద బల్లలు, కుర్రవాళ్లు. జీపు ఎండలో నిలిచింది.

11:40కి ఇంటి వైపు నుంచి ఆడవాళ్ల కేక.

పెద్ద రెడ్డి తమ్ముడు ఓబుల్ రెడ్డి పాతరలో పడిపోయాడు. ముప్పై ఏళ్ల మనిషి. ముందు రోజు సాయంత్రమే బండ తీసి ఉండాల్సింది. చెల్లెల్ని అత్తగారింట దించడానికి పోయి ఆ ఉదయమే వచ్చాడట. సాబులు భోజనానికి కూర్చునే వేళకు పిండి కావాలి. అన్న తొందరపెట్టాడు. తమ్ముడు బండ జరిపాడు, గంప పట్టుకున్నాడు, దిగాడు.

ఇంటి జీతగాడు నడుముకు తాడు కట్టుకొని, ఊపిరి బిగబట్టి దిగి, ఓబుల్ రెడ్డి చంకల కింద ఇంకో తాడు వేసి వచ్చాడు. పైకి లాగాం. 11:52. ముఖం నీలంగా ఉంది. మా నర్సింగ్ సిపాయి అతణ్ణి బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కుతూ, చేతులెత్తుతూ ఊపిరి ఆడించాడు. కాసేపటికి ఊపిరి అందుకుంది గాని తెలివి రాలేదు. ఆళ్లగడ్డ డాక్టరు ఆ రోజు ఊళ్లో లేడు.

"నంద్యాల. వెంటనే," అన్నారు కెప్టెన్ సాబ్. ఆయన ముఖం పాలిపోయి ఉంది. రొట్టె అడిగింది తనేనని ఆయనకు గుర్తుంది.

12:08కి బయలుదేరాం. ట్రైలరు అక్కడే వదిలేశాం. డ్రైవరు, పక్కన నేను. వెనక పరుపు మీద ఓబుల్ రెడ్డి, అతని తల దగ్గర నర్సింగ్ సిపాయి, కాళ్ల దగ్గర పెద్ద రెడ్డి. పెద్ద రెడ్డి దారంతా తమ్ముడి పాదాలు రుద్దుతూనే ఉన్నాడు. "ఓబుళా, రేయ్ ఓబుళా, పలకరా" అంటూనే ఉన్నాడు.

శిరివెళ్ల దాటాక 12:38కి జీపు దగ్గింది. నల్లటి పొగ. పెట్రోలు వాసన. ఆగింది.

నేను బానెట్ ఎత్తేసరికి డ్రైవరు నాకంటే ముందే స్పానరుతో ఉన్నాడు. గొట్టం నట్టు మీద పెట్టి తిప్పాడు. పావు చుట్టు కూడా తిరగలేదు, వెంట్రుకంత సన్నటి ధార చివ్వున లేచింది. అతని ముంజేతి మీద నుంచి పోయి సైలెన్సరు గొట్టం మీద పడింది. బుసబుసమని తెల్లటి ఆవిరి లేచింది.

అంటుకోలేదు. ఎందుకు అంటుకోలేదో నాకు ఈ రోజుకీ తెలియదు.

నేను అతని మణికట్టు పట్టుకొని వెనక్కి తిప్పాను. నట్టు బిగిసింది. "చెయ్యి తియ్. దూరం జరుగు."

"మనిషి పోతాండాడన్నా!"

"అందరం పోతాం. జరుగు." తర్వాత వెనక్కి తిరిగి, "మనిషిని కిందికి దించండి. ఆ తుమ్మచెట్టు కిందికి," అన్నాను.

ఆ జీపులకు పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉండేది. సీటు ఎత్తితేనే మూత కనబడుతుంది. మూత తీస్తే ఆవిరి అంతా బండిలోనే నిండుతుంది. అందులో ఊపిరి కోసం కొట్టుకుంటున్న మనిషిని ఉంచి ఆ పని చేయలేను.

నర్సింగ్ సిపాయి వెంటనే ఓబుల్ రెడ్డిని పరుపుతో సహా దించాడు. పెద్ద రెడ్డి మాత్రం నా మీదికొచ్చాడు.

"ఏందప్పా నువ్వు జేసేది? నంద్యాలకు తీస్కపొమ్మంటే తుమ్మచెట్టు కాడ దించుతాండావ్!"

"రెడ్డన్నా, పదకొండు నిమిషాలియ్యి."

"పదకొండా? పన్నెండు గాదా? మా వోడు ఈడ సస్తాంటే నిమిషాలు లెక్క జెప్తాండావా నాకు!"

"ఇంజను కాలుతాంది. పెట్రోలు తన్నుకొస్తాంది. ఇప్పుడు నట్టు ఇప్పితే జీపు మండుతాది. మండితే నంద్యాలకు మీ తమ్ముణ్ణి దేంట్లో తీస్కపోతావు?"

"ఆ డ్రైవరు అట్ల ఊది బిగిస్తా అంటాండాడు గదా! వానికి తెల్సింది నీకు తెల్దా?"

అదే సమయానికి చొప్ప బండి ఒకటి వచ్చి ఆగింది. బండివాడు దిగి, ఏమైందో చూద్దామని, బీడీ పీలుస్తూ నేరుగా బానెట్ దగ్గరికి నడిచొచ్చాడు. నేను ఆ బీడీని అతని నోట్లోంచి లాగి నేల మీద వేసి బూటుతో తొక్కాను. బండివాడు నోరు తెరిచి అలాగే నిలబడ్డాడు. పెద్ద రెడ్డి నా కాలరు పట్టుకున్నాడు. గట్టి చెయ్యి. నా చొక్కా పై గుండీ తెగింది.

"కదిలించు బండి. బేగా కదిలించు. ల్యాకుంటే ఈన్నే పూడుస్తా నిన్ను."

ఇరవై రోజుల విసుగు నా గొంతులోకి వచ్చింది.

"పొద్దున మీ తమ్ముడు పాతర బండ తీసి ఎంతసేపు ఆగినాడు రెడ్డన్నా?"

ఆ మాట అనాల్సింది కాదు. అనకపోతే ఆయన చెయ్యి నా కాలరు వదిలేది కాదు. ఈ రెండూ నిజమే.

ఆయన చెయ్యి జారింది. ఎండలో కళ్లు చికిలించి, నన్ను కాక ఇంకెవరినో చూస్తున్నట్టు చూశాడు.

"ఆగలా," అన్నాడు. "నేనే ఆగనియ్యలా."

"ఇదీ పాతరే. ఇదీ మూసిపెట్టిందే. దీని గాలి పోయేదాకా ఆగల్ల. రా, నువ్వే తీద్దువు."

ఆయన చేతులకు పని లేకపోతే మళ్లీ నా కాలరు మీదికి వస్తాయని నాకు తెలుసు. టైము 12:41. నేను ముందు బ్యాటరీ తీగ విప్పాను. తర్వాత డ్రైవరు సీటు ఎత్తాను. "రవ్వంత తిప్పు. శబ్దం వస్తాది. అది నిల్చేదాకా ఇంకో రవ్వంత తిప్పొద్దు. ముఖం పక్కకు పెట్టుకో. చెవితో విను," అన్నాను.

ఆయన దుమ్ములో మోకాళ్ల మీద కూర్చున్నాడు. మూత పట్టుకున్నాడు. రవ్వంత తిప్పాడు. బుస్సుమంది. అన్ని రోజుల్లో అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. ఆయన తల వంచి ట్యాంకు వైపు చెవి పెట్టాడు. తలపాగా వదులై కొస నేల మీద పడింది. చూసుకోలేదు.

"పోతాంది," అన్నాడు.

తుమ్మచెట్టు కింద నర్సింగ్ సిపాయి లెక్క పెడుతూ ఓబుల్ రెడ్డి వీపు నొక్కుతున్నాడు.

"ఇంగా పోతాంది."

డ్రైవరు తన ముంజెయ్యి వాసన చూసుకుంటూ రోడ్డు అవతల నిలబడ్డాడు. 

"ఇంగా పోతాందప్పా... ఇంగా... నిల్చిపోయె."

"ఇంకో రవ్వంత తిప్పు."

అలా మూడుసార్లు. మూడోసారి మూత చేతికి వచ్చింది. ఆయన దాన్ని తిరగేసి చూశాడు. ఇరవై రోజులుగా నేను ఆ మూతను తీసి పక్కన పెట్టాను. తిరగేసి చూడలేదు.

"ఈ ఎర్రది ఏందప్పా?"

మూతకు చిన్న బెజ్జం ఒకటి ఉంటుంది. ట్యాంకు గాలి పీల్చుకోవడానికి, వదలడానికి అదే దారి. ఆ బెజ్జం మీద, లోపలి వైపు, అర్ధణా బిళ్లంత ఎర్ర లక్క. మా క్లర్కు కవర్లకు ముద్ర వేసే లక్క.

నేను డ్రైవరు వైపు చూశాను. అతను నేల చూశాడు.

"దుమ్ము పోతాదని," అన్నాడు.

"ఎవుడు చెప్పినాడురా నీకు?"

జవాబు డ్రైవరు దగ్గర నుంచి రాలేదు. మోకాళ్ల మీద ఉన్న మనిషి దగ్గర నుంచి వచ్చింది. "నేనే చెప్తి. గింజకైనా నూనెకైనా గాలి తగిలితే చెడ్తాది, ఆ బొక్క మూయించుకోప్పా అని నేనే చెప్తి." ఆయన ఆ లక్కను వేలితో తడిమాడు. "పాతరకు మన్ను మెత్తినట్ల మెత్తినాడు చూడు."

అప్పుడు నాకంతా తెలిసింది. ఆళ్లగడ్డ రోజుల్లో జీపు గంటల తరబడి ఎండలో ఉండేది. మూసుకుపోయిన ట్యాంకులో ఆవిరి బలిసి, పెట్రోలును ముందుకు తోసి, కార్బురేటరును ముంచేది. జీపు ఆగేది. నేను నా పద్ధతి ప్రకారం ముందు మూత తీసేవాణ్ణి. ఆవిరి పోయేది. రోగం దాంతోనే పోయేది. తర్వాత నేను ఎన్ని విప్పినా తప్పు దొరికేది కాదు. ఎండాకాలం బుస్సుమనడం మామూలే గదా అనుకొని ఆ శబ్దం గురించి ఆలోచించలేదు. ప్రతిసారీ నా చేతులతో నేనే రోగాన్ని దాచిపెట్టాను. డ్రైవరును తిట్టడానికి నోరు తెరిచి, మూసుకున్నాను.

చాకుతో లక్క గీకేశాను. గాలికి ఆవిరి పోయింది. ఇంజను కొంత చల్లారింది. నట్టుకు గుడ్డ చుట్టి, డబ్బా పెట్టి, అర చుట్టు తిప్పాను. ఈసారి ధార లేదు. చెంచాడు పెట్రోలు బొట్లుబొట్లుగా కారింది. కార్బురేటరు గిన్నె ఖాళీ చేశాను. బిగించాను. పొడిగుడ్డతో అంతా తుడిచాను. తడి ఆరేదాకా చూశాను. బ్యాటరీ తీగ తగిలించాను. 12:52. డ్రైవరు స్టార్టరు నొక్కాడు. మొదటి నొక్కుకే అందుకుంది.

బండివాడు, నేను బీడీ లాగేసిన మనిషి, ఓబుల్ రెడ్డి పరుపు ఒక మూల పట్టుకొని ఎక్కించాడు.

1:30కి నంద్యాల ఆసుపత్రి. ఉన్నది ఒకటే ప్రాణవాయువు సిలిండరు. డాక్టరు దాని మీటను కొంచెం కొంచెంగా తిప్పాడు. బుస్సుమని శబ్దం. పెద్ద రెడ్డి నా వైపు తిరిగి, "ఈయన గూడా నీ మాదిరే," అన్నాడు. తర్వాత వరండాలో కూలబడ్డాడు. పదకొండు నిమిషాలు ముందొస్తే బాగుండేదా అని నేను డాక్టరును అడిగాను. "రేపు పొద్దున చెప్తా," అన్నాడాయన.

సాయంత్రం జీపు వెనక్కి పోయి కళ్లం నుంచి మిగతావాళ్లను తెచ్చాక, కెప్టెన్ సాబ్‌కు డ్రైవరు మీదా, నా మీదా నేనే రిపోర్టు ఇచ్చాను. ఆయన మూత చేతిలోకి తీసుకొని తిరగేసి చూశారు. "మూసినవాడు ఒకడు, తిరగేసి చూడనివాడు ఇంకొకడు," అన్నారు. ఇద్దరికీ మూడు రోజుల అదనపు కాపలా. న్యాయమే.

మే నెలాఖరుకు పని ముగిసింది. జూన్ 1న కర్నూలు రోడ్డు పట్టాం. బయలుదేరే ముందు డ్రైవరు, ఎవరూ చెప్పకుండానే, సీటు ఎత్తి మూత కొంచెం తిప్పి ఆగాడు. "పూజ అయ్యిందారా?" అన్నాను. "అయిందన్నా," అన్నాడు. నవ్వలేదు. తర్వాత నేను ఇంకా పదకొండేళ్లు సైన్యంలో ఉన్నాను. మంచు చూశాను, ఇసుక చూశాను. అవి కొన్ని మరిచిపోయాను. ఎండలో దుమ్ములో మోకాళ్ల మీద కూర్చొని, తలపాగా జారిపోతుంటే పట్టించుకోకుండా, పెట్రోలు ట్యాంకుకు చెవి పెట్టి "ఇంగా పోతాంది" అంటున్న ఆ మనిషి మాత్రం మనసులోంచి పోలేదు. ఎవరైనా దేనికైనా నన్ను తొందరపెడితే ఆయనే కనబడతాడు.

ఇక ఆ మర్నాటి సంగతి. డైరీలో మే 25, బుధవారం, ఉదయం 6:15.

నేనూ డ్రైవరూ ఆసుపత్రికి వెళ్లాం. ఓబుల్ రెడ్డి కళ్లు తెరిచి ఉన్నాడు. తెల్లవారుజామున తెలివి వచ్చిందని, ఇక ఫరవాలేదని నర్సు చెప్పింది. పెద్ద రెడ్డి మంచం పక్కన నేల మీద కూర్చొని ఉన్నాడు. నిన్నటి బట్టలే. ఆయన నోట్లో నీళ్లు పోసుకున్నట్టు లేదు. మేమూ నిన్న మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. కెప్టెన్ సాబ్ కూడా రాత్రి పళ్లెం వెనక్కి పంపేశారు.

ఓబుల్ రెడ్డి ఖాకీ బట్టలు చూసి మమ్మల్ని గుర్తుపట్టాడు. పెదవులు కదిలించాడు. మాట అందలేదు. పెద్ద రెడ్డి వంగి అతని నోటి దగ్గర చెవి పెట్టాడు.

"ఏమంటాండాడన్నా?" అని అడిగాను.

 "సాబ్బులు రొట్టెలు తిన్యారా అంటాండాడు," అన్నాడు.

నేను డ్రైవరు వైపు చూశాను. డ్రైవరు మంచం దగ్గరికి ఒక అడుగు వేసి, రోడ్డంతా వినబడే ఆ గొంతును ఎంతో తగ్గించి చెప్పాడు.

"తింటిమన్నా. శానా బాగుండాయి."

ఓబుల్ రెడ్డి కళ్లు మూసుకున్నాడు. పెద్ద రెడ్డి చెవి మాత్రం అక్కడి నుంచి తీయలేదు. ఊపిరి వింటున్నాడు.